అమ్మ నవ్వు మీద నా పరిశోధన

నేను యూనివర్సిటీలో దక్షిణాసియా అధ్యయనాల విభాగంలో పీహెచ్‌డీ చేశాను. కలకత్తా రేవు కార్మికుల ఇళ్లలోని తెలుగు ఆడవాళ్లు నా పరిశోధనాంశం. నాన్న ఆ రేవులోనే పనిచేసి రిటైరయ్యాడు. మా ఇల్లు రేవు పక్కనున్న ఏక్‌బాల్‌పూర్‌లో. "ఆ సమాజంలోకి ప్రవేశం ఎలా సంపాదించారు?" అని పీహెచ్‌డీ సీటు ఇంటర్వ్యూలో అడిగారు. పుట్టి సంపాదించానన్నాను. ఎవరూ నవ్వలేదు. ఒకాయన మాత్రం ఆ మాట నోట్ చేసుకున్నాడు.

మా గైడు వలసల మీద పేరు మోసిన పండితుడు. ఆయన లెక్కలో వలస వచ్చిన ఆడవాళ్లంతా దుఃఖంతో నోరు మెదపకుండా ఉండాలి. ఓ ఆదివారం నా ఫీల్డ్‌వర్క్ చూస్తానంటూ మా ఇంటికే వచ్చాడు. అమ్మ చక్కటి బెంగాలీలో "రండి దాదా, కూర్చోండి" అంది. ఆయన ముఖం చిన్నబోయింది.

"ఆవిణ్ణి మాతృభాషలోనే మాట్లాడమను. అసలు గొంతు అందులోనే ఉంటుంది" అన్నాడు నాతో. పెళ్లయిన నాటినుంచీ బెంగాలీలో చేపలు బేరమాడుతున్న మనిషికి నేను దుబాసీనయ్యాను.

"పోగొట్టుకున్న ఊరు గుర్తొస్తే ఏమనిపిస్తుందో అడుగు."

అడిగాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "పోగొట్టుకోడమేటే? ఊరు ఉన్న కాడే ఉంది. మా అత్త కూడా అక్కడే ఉండీది. అందుకే గదా నానిక్కడికి వొచ్చీసినాను!" అని పకపకా నవ్వింది. తర్వాత ఆయన వైపు చూసి, "ఈ బాబుకేటయింది, అలా దిగులుగున్నాడు? టీ ఎట్టనా?" అంది.

బస్టాపు దాకా దిగబెట్టడానికి వెళ్తే ఆయన గొంతు తగ్గించి చెప్పాడు: "గమనించావా? అది నవ్వు కాదు, గాయం."

ఆ మాటే పట్టుకుని ముప్పై పేజీల అధ్యాయం రాశాను. సెమినార్‌లో చదివితే చప్పట్లు కొట్టారు. విదేశం నుంచి వచ్చిన ఒకావిడ కళ్లు తుడుచుకుంది. అబద్ధమెందుకు, నేను పొంగిపోయాను.

ఇంటికొచ్చాక అమ్మ బెండకాయలు తరుగుతూ అడిగింది. "నా గురించి ఏటి సెప్పినావు?"

చెప్పాను. కత్తి ఆగింది.

"మీ నాన్నమ్మని తప్పించుకున్నానని నవ్వినాను. నీకు తెల్దా?"

"తెలుసు."

"తెలిసే రాసినావా?"

ఆ పూట అమ్మ నాతో మాట్లాడలేదు. గైడు ఏళ్ల తరబడి వెతుకుతున్న మౌనం మా వంటింట్లో ఎట్టకేలకు దొరికింది. దాని కారణం మాత్రం నేనే.

మర్నాడు ఆ అధ్యాయం తీసేసి, అమ్మ చెప్పింది చెప్పినట్టు రాసి పంపాను. ఇందులో సిద్ధాంతం లేదన్నాడు గైడు. మళ్లీ రాయమన్నాడు. నేను రాయలేదు. ఏడాది నాన్చి చివరికి థీసిస్ మీద సంతకం పెట్టాడు గానీ, కృతజ్ఞతల పేజీలో తన పేరు వేయవద్దన్నాడు. ఆయన సలహాల్లో నేను అక్షరం పొల్లుపోకుండా పాటించింది అదొక్కటే.