మా మేనమామ పరీక్ష చేసిన మోటరు

సిద్దిపేట చుట్టుపక్కల ఎద్దును చూసి గుణం చెప్పడంలో మా మేనమామను మించినవాడు లేడు. ఆ మాట ముందు ఆయనే చెప్పేవాడు, తర్వాత ఊరు ఒప్పుకునేది. అందుకే రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో మా నాయిన కిరాయికి తిప్పుకోవడానికి ఒక పాత మోటరు కారు కొంటానని పట్నం బయలుదేరినప్పుడు, పరీక్ష చేయడానికి ఆయన్నే వెంటబెట్టుకున్నాడు. ఇద్దరికీ మోటరు నడపడం రాదు. నేనూ ఏడ్చి మొత్తుకొని వెంట పోయాను.

ఆ మోటరు కోసం నాయిన మా ఎడ్ల జతను పక్క వాడ రైతుకు అమ్మేశాడు. దూడలప్పటి నుంచి మా అవ్వ, అంటే మా అమ్మ, గంజి తాపి పెంచిన ఎడ్లవి. పలుపులు విప్పిన రోజు నుంచి అవ్వ నాయినతో మాట్లాడటం మానేసింది. "నిన్ను మోటర్ల జగదేవ్‌పూర్ తోల్కపోత. మీ అవ్వగారింటి ముంగట దించుత" అని నాయిన బతిమాలాడు. అవ్వ నా వైపు తిరిగి, "మీ నాయినకు చెప్పు. నా ఎడ్లు లేని బండి నేనెక్క" అంది. ఇక నాయినకు మోటరు కొనడం కంటే అవ్వను అందులో కూర్చోబెట్టడమే పెద్ద పనైపోయింది.

పట్నంలో పాత మోటార్లమ్మే సేటు నల్లగా నిగనిగలాడే మోటరు ఒకటి చూపించాడు. మామ దాని చుట్టూ తిరిగాడు. వీపు నిమిరాడు. చెడ్డ సుడులేమైనా ఉన్నాయేమోనని వంగి పొట్ట కింద చూశాడు. "సేటూ, నోరు తెరిపిచ్చి పండ్లు చూడనిదే నేను బేరం చెయ్య" అన్నాడు. సేటు పొట్ట పట్టుకొని నవ్వి, "మోటరుకు పండ్లెక్కడివి పటేలా!" అన్నాడు. మామ చిన్నబుచ్చుకోలేదు. నడిపించి చూపమన్నాడు. సేటు డ్రైవరు నడిపాడు. ఉరికించమన్నాడు, ఉరికించాడు. ఎత్తు ఎక్కించమంటే అదీ ఎక్కించాడు. "కుంటుతలేదు బావా, రొప్పుతలేదు. పట్టు" అని నాయినకు తీర్పు చెప్పి, మామ ఎడ్ల అంగడిలో చేసినట్టే రుమాలు కింద సేటు వేళ్లు పట్టుకొని, నోటితో కాక వేళ్ల లెక్కతోనే ధర చెప్పి బేరం తెంపాడు. మోటార్లమ్మే సేటుకు ఆ వేళ్ల భాష ఎట్లా వచ్చు? అంగడి మోసాలూ తెలిసినవాడేమోనని అప్పుడైనా మాకు అనుమానం రావద్దూ!

ఆ డ్రైవరే గజ్వేల్ మీదుగా మోటరును సిద్దిపేటకు తెచ్చాడు. కొన్నాళ్లుండి నాయినకు నడపడం నేర్పాలని ఒప్పందం. సడక్ మీదే ఆపబోతే, "కొత్త గొడ్డును వాకిట్లకు తేకుండ సడక్ మీద కడ్తరా?" అని మామ గద్దించాడు. మా గల్లీ పల్లానికి దిగి, మా గడప ముందే గోడ తగిలి ఆగిపోతుంది. డ్రైవరు నసుగుతూనే మోటరును దింపి, గోడకు మూతి ఆనించి ఆపాడు. అవ్వ బయటికి రాలేదు. మామే టైర్ల మీద చెంబెడు నీళ్లు పోసి పసుపు కుంకుమ పెట్టాడు. బెల్లం ముక్క ఎక్కడ పెట్టాలో తెలియక తనే తినేశాడు. చాయ్ తాగొస్తానని పోయిన డ్రైవరు బస్సెక్కి పట్నం చేరుకున్నాడు.

మర్నాడు నాయిన ఒక బస్సు డ్రైవరును బతిమాలి తెచ్చాడు. ఆయన గేరు కడ్డీ అటు కదిపాడు, ఇటు కదిపాడు. లోపల గరగర చప్పుడైంది కానీ మోటరు వెనక్కి జరగలేదు.

"ఎనుక గేరు పని చేస్తలేదు. పండ్లన్ని అరిగినయ్" అన్నాడు.

"దానికి పండ్లున్నయా?" అని మామ అరిచాడు. "ఆ దొంగ లేవన్నడు గద!"

పైన పటారం, లోన లొటారం. నాయిన మొహం మాడిపోయింది. "ఒక్కసారి ఎనుకకు నడిపిచ్చి చూస్తే ఏం పోయింది బావా?" అని మామను నిలదీశాడు.

"ఎద్దును ఎవడన్న ఎనుకకు నడిపిచ్చి కొంటడా?" అన్నాడు మామ. నిజమే. అంగడిలో ఆ పని చేసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

గల్లీ అంతా కలిసి తోసింది. కొంచెం ఎక్కడం, జారి మళ్లీ గోడను గుద్దడం. చివరికి ఎడ్లను కట్టాలన్నారు. సిద్దిపేటలో ఎడ్లకేం కరువు! వచ్చినవి మాత్రం మావే. పక్క వాడ రైతు ముసిముసిగా నవ్వుతూ తోలుకొచ్చి, మోటరు వెనక మోకుతో కట్టి అదిలించాడు. కదల్లేదు. మామ తోకలు మెలిపెట్టాడు. ఊహూ. స్టీరింగు పట్టుకొని కూర్చున్న నాయిన తల వంచుకున్నాడు. ఆయన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు అవ్వ బయటికొచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, ఎవరినీ చూడకుండా తలుపు తీసి వెనక సీట్లో కూర్చుంది. కిటికీలోంచి తల బయటపెట్టి, "నడువుండ్రి బిడ్డా, నడువుండ్రి" అంది.

ఎడ్లు చెవులు రిక్కించాయి. మోకు బిగిసింది. మోటరు వెనక్కి వెనక్కి గల్లీ అంతా ఎక్కి సడక్ మీదికొచ్చింది.

అవ్వ దిగలేదు. నాయిన భయంభయంగా వెనక్కి తిరిగి చూశాడు.

"మోటరు మంచిగనే ఉన్నది" అంది అవ్వ, నాతో చెప్పించకుండా నేరుగా ఆయనతోనే. "ఎడ్లే తక్కువైనయ్."