మూత తోసుకొచ్చిన అన్నం

నా చిన్నప్పుడు, పద్నాలుగేళ్ళు వచ్చేదాకా, అన్నం గిన్నెలో దానంతటదే పుడుతుందనుకున్నదాన్ని. నవ్వకండి. మిర్యాలగూడలో మాది రైస్ మిల్లు. కారు, డ్రైవరు, వంటామె, అన్నీ ఉన్న ఇల్లు. బస్తాల మీదెక్కి గెంతాను గానీ పిడికెడు బియ్యం కడిగిన పాపాన పోలేదు.

ఆ ఏడు ఎండాకాలంలో అమ్మా నాన్నా ఇద్దరూ రోడ్డు ప్రమాదంలో పోయారు. మిల్లు బాబాయి చూసుకున్నాడు. నన్ను మా మేనత్త కోదాడ తీసుకెళ్ళింది. కిరాయి ఇల్లు, కుట్టు మిషను, ఆవిడ, అంతే. నాకు ముద్ద దిగేది కాదు. కంచం ముందు కూర్చుని రెండు మెతుకులు కెలికి లేచేదాన్ని. చిక్కి పుల్లనయ్యాను. డాక్టరు రాసిన టానిక్కులన్నీ దండగే. చూసినవాళ్ళంతా ఈ పిల్ల బతికి బట్టకడుతుందా అనేవారు. అత్తమ్మ మాత్రం తినమని ఒక్కసారీ బతిమాలలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే బయటికి వెళ్తూ, పెద్ద ఇత్తడి గిన్నె చూపించి అన్నం వండమంది. ఎన్ని పోయాలని అడిగాను.

"నీకు తోచినన్ని పొయ్యి. మిగతాది ఆ గిన్నెకు ఎరుకనే" అని వెళ్ళిపోయింది.

మా ఇంట్లో అన్నం గిన్నె ఎప్పుడూ నిండుగానే చూశాను కదా, నేనూ బియ్యం దాదాపు నిండా పోశాను. అవి నాన్న ఏటా చెల్లెలికి పంపే పాత బియ్యం. పాత బియ్యం ఉడికితే ఎంత ఒదుగుతాయో ఈ మిల్లు యజమాని కూతురికేం తెలుసు? కాసేపటికి మూత లేచింది. అన్నం బయటికి తోసుకొచ్చింది. ఇంకో గిన్నెలోకి తోడి నీళ్ళు పోసి పొయ్యెక్కించాను, అదీ నిండింది. తోడేకొద్దీ ఊరుతోంది. ఇదేదో మంత్రం గిన్నె అని నిజంగానే భయపడ్డాను. పైగా నాన్న పంపిన ఆఖరి బస్తా. పాడుచేశానని కూలబడి ఏడ్చాను.

అప్పుడొచ్చింది అత్తమ్మ, వెనకాల వాడకట్టంతా. ఒకరి చేతిలో పచ్చిపులుసు, ఒకరి చేతిలో కోడిగుడ్డు కూర, పక్కింటి అక్క చేతిలో గోంగూర పప్పు. ఎవరూ అన్నం తేలేదు. నా జుట్టులో మెతుకులు చూసి పక్కింటి అక్క పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అమ్మా నాన్నా పోతే నవ్వుతున్నానేమిటని అంతలోనే చేత్తో నోరు మూసుకున్నాను. అత్తమ్మ కనిపెట్టేసింది.

"నవ్వు బిడ్డా. అందరు తినేది మీ నాయిన పంపిన అన్నమే గదా. ఆయన ఉంటే ఆయన గూడ నవ్వెటోడు."

నేనే వడ్డించాను. అడిగినవాళ్ళకు అడిగినంత. అందరూ లేచాక చూస్తే అడుగున సరిగ్గా నాకు సరిపడా మిగిలింది, ఆ వేళప్పుడు కూడా పొగలు కక్కుతూ. కొంత మాడు, కొంత పలుకు. వేళ్ళు నాకి మరీ తిన్నాను. ఎన్నాళ్ళకో ఆకలేసిందమ్మా నాకు!

ఆ పొద్దున అత్తమ్మ ఇల్లిల్లూ తిరిగి, ఈ పూట అన్నం మా ఇంట్లోనే, కూరలు మీరు తెండని చెప్పొచ్చిందట. పక్కింటి అక్క తర్వాత చెప్పింది. మరి నేను అన్ని బియ్యం పోస్తానని ఆవిడకెలా తెలుసు? అడిగితే గిన్నెనే అడగమనేది. పోయేదాకా అదే మాట.

ఇప్పుడు సూర్యాపేటలో మనవలున్నదాన్ని. అయినవాళ్ళు పోయి ఏ పిల్లో తిండి మానేసిందని వింటే, ఓదార్చడం నాకు చేతకాదు. ఆ పిల్లను మా వంటింట్లోకి తెచ్చుకుంటాను. పెద్ద గిన్నె ముందు పెట్టి, తోచినన్ని బియ్యం పొయ్యమంటాను. తర్వాత చెప్పులేసుకుని, తలుపులు తట్టడానికి వీధిలోకి నడుస్తాను.