రంగుల కొట్టాయన కూతురి మేకప్ బ్రష్

పెళ్ళికూతురికి మొదటి ట్రయల్ మేకప్ వేసిన రోజున వాళ్ళ పిన్నిగారు నా పని చూసి ఒక్క మాటే అన్నారు. "ఏంటమ్మా ఇది, పిండి జల్లించి ముఖం కడుక్కోనట్టుంది?"

ఉడుక్కున్నాను గానీ ఆవిడ అన్నది నిజమే. నుదుటి మీద ఒక చోట పౌడర్ దళసరిగా పేరుకుంది, ముక్కు పక్కన అసలు అంటలేదు, బుగ్గల మీద చారలు కనపడుతున్నాయి. పెళ్ళికూతురు డిగ్రీలో నా స్నేహితురాలు కాబట్టి నవ్వి ఊరుకుంది. పిన్నిగారు ఊరుకోలేదు. "గురువారం పదకొండింటికి ఇంకోసారి చూస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే రాజమండ్రి నుంచి ఒకావిడ వస్తానంది, ఆవిణ్ణే పిలుస్తాం" అన్నారు.

అప్పటిదాకా నేను ఓణీల ఫంక్షన్లకీ, సీమంతాలకీ మేకప్ చేశాను గానీ పెళ్ళికూతురికి చెయ్యలేదు. ఈ ఒక్క పెళ్ళి దక్కితే పెనుగొండ చుట్టుపక్కల నాకో పేరు వస్తుంది. దక్కకపోతే "ఆ పిల్ల చేతికి పనిస్తే మధ్యలో తీసేశారటగా" అన్న పేరు అంతకంటే తొందరగా వస్తుంది. వైశాఖ మాసంలో, పగటి ముహూర్తంలో ద్రవంలా ఉండే ఫౌండేషన్ చెమటకి కారిపోతుందని ఆలోచించే పౌడర్ ఫౌండేషన్ ఎంచుకున్నాను. వీడియోలు చూసి మంచి డబ్బానే కొన్నాను. మరి తప్పెక్కడ?

దాన్ని పట్టుకున్నది నాన్న. మాది మెయిన్ రోడ్డు మీద రంగుల కొట్టు. సున్నం, పుట్టీ, ఎనామిల్ డబ్బాలు, గోడలకి వేసే బ్రష్‌లు. నా మేకప్ పని గురించి నాన్న బాగుందనీ అనలేదు, మానెయ్యమనీ అనలేదు. ఎవరైనా అడిగితే "ఖాళీగా ఉండలేక ఏదో నేర్చుకుంటోందండి" అని మాట మార్చేసేవాడు. ఆ రోజు నేను కొట్లో కూర్చుని ఏడుపు మొహంతో ఫోన్లో ఫొటోలు చూసుకుంటుంటే నా భుజం మీదుగా తొంగి చూసి, "రంగు మంచిదే. నీ కుంచె ఏదీ, చూపించు" అన్నాడు.

డబ్బాతో ఉచితంగా ఇచ్చిన బ్రష్ తీసి చూపించాను. పెద్ద తల, పల్చటి వెంట్రుకలు. నాన్న దాన్ని అరచేతి మీద ఒకసారి వంచి చూసి, "ఇది దుమ్ము దులుపుకోడానికమ్మా. రంగు ఎత్తుతుంది గానీ పరవదు" అన్నాడు. నాకు కోపమూ వచ్చింది, ప్రాణమూ లేచి వచ్చింది. అంటే తప్పు నా చేతిది కాదన్నమాట!

బుధవారం కొట్టు అమ్మకి అప్పజెప్పి నాన్న నాతో రాజమండ్రి బస్సెక్కాడు. నాకు ఒకటే ఆత్రం. సిద్ధాంతం వంతెన దాటేసరికే ఫోన్లో పదహారు రకాల బ్రష్‌లు చూపించాను. నాన్న కళ్ళజోడు సర్దుకుంటూ అన్నీ చూసి, "దేన్నైనా చేత్తో పట్టుకుంటే గానీ తెలియదమ్మా" అన్నాడు.

రాజమండ్రిలో మెయిన్ రోడ్డు సందులో ఉన్న ఒక ఫ్యాన్సీ షాపులో అడుగు పెట్టగానే నా కళ్ళు చెదిరిపోయాయి. గోడ నిండా బ్రష్‌లే. నేను ఏది చూస్తే అది కావాలనిపించే స్థితిలో ఉంటే, నాన్న మాత్రం మా కొట్లో సరుకు దిగినప్పుడు చూసినట్టు ఒక్కొక్కటీ పరీక్ష మొదలుపెట్టాడు. వెంట్రుకలు రెండు వేళ్ళతో లాగి ఊడతాయేమో చూశాడు. చేతి వెనక వైపు నొక్కి, వదిలితే మళ్ళీ నిలబడుతున్నాయో లేదో చూశాడు. మెడ చుట్టూ ఉన్న రేకు కదులుతోందేమోనని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. కౌంటర్లో ఉన్నావిడ కాసేపు ఓపిక పట్టి, "ఏంటండీ, గోడకా, ముఖానికా?" అంది.

"దేనికైనా అద్దేదే కదమ్మా" అన్నాడు నాన్న, తల ఎత్తకుండా.

ఆవిడ నవ్వేసి, లోపల్నుంచి ఖరీదైన బ్రష్ ఒకటి తెచ్చింది. పట్టు కుచ్చులాగా ఉంది. "మేక వెంట్రుకలండి, పౌడర్‌కి దీన్ని మించింది లేదు" అంది. నాన్న చెయ్యి టక్కున ఆగిపోయింది. మా ఇళ్ళల్లో గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. ఆయన దాన్ని నెమ్మదిగా ట్రేలో పెట్టేసి, "పీటల మీద కూర్చునే పిల్లకి వద్దులెండి" అన్నాడు. పెళ్ళివారూ మా వాళ్ళే కాబట్టి నేనూ సింథటిక్ బ్రష్‌ల వైపు తిరిగాను.

చివరికి సింథటిక్‌లో రెండు మిగిలాయి. రెండూ ఒత్తుగా, మెత్తగా ఉన్నాయి. ఒకటి పైన కోసేసినట్టు చదునుగా ఉంది, ఇంకోటి గుండ్రంగా ఉంది. నాన్న చదునుది పట్టుకున్నాడు. "సమానంగా పడుతుంది" అన్నాడు. అక్కడ మాత్రం నేను తగ్గలేదు. "ముఖం గోడ కాదు నాన్నా. ముక్కు పక్కన పల్లం ఉంటుంది, కళ్ళ కింద గుంట ఉంటుంది. చదునుది అక్కడికి ఎలా వెళ్తుంది?" అన్నాను. షాపావిడ ఇచ్చిన పౌడర్‌తో రెండింటినీ నాన్న పిడికిలి మీద తిప్పి చూపించాను. చదునుది వేళ్ళ కణుపుల మీదే ఆగిపోయింది. గుండ్రటిది సందుల్లోకి కూడా వెళ్ళి, రాసినట్టే తెలియకుండా కలిసిపోయింది. నాన్న తన పిడికిలిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "నీకు పని తెలుసే!" అన్నాడు. ఆ మాటకి నేను గాల్లో తేలిపోయాను. తిరుగు బస్సులో బ్రష్‌ని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.

గురువారం పొద్దున్న లేచి చూస్తే సంచిలో బ్రష్ లేదు. ఇల్లంతా వెతికితే వంటింటి గట్టు మీద స్టీలు గ్లాసులో, పిడి దాకా నీళ్ళలో, తలకిందులుగా ఉంది.

"నేనే నానబెట్టాను. కొత్త కుంచెని ఒక రాత్రి నానబెట్టకుండా రంగులో ముంచకూడదు" అన్నాడు నాన్న, మేలు చేసినవాడి గొంతుతో.

గబుక్కున బయటికి లాగాను. పిడి నా చేతిలోకి వచ్చింది, తల గ్లాసులోనే ఉండిపోయింది. మొదటికే మోసం వచ్చింది. నేనెంత అరిచానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. "ఇది నీ సున్నం కుంచె కాదు! నీ కొట్టూ, నీ తెలివీ!" అని కూడా అన్నాను.  నాన్న గ్లాసు తీసుకుని కొట్లోకి వెళ్ళి, తలని గుడ్డతో ఒత్తి ఆరబెట్టి, ఒక్క వెంట్రుకకి కూడా తగలకుండా రేకు లోపల జిగురు పెట్టి పిడి బిగించాడు. ఫ్యాను ముందు తలకిందులుగా వేలాడదీశాడు. తొమ్మిదిన్నరకి అది పూర్తిగా ఆరింది. అయితే అది పని చేస్తుందో లేదో ఎలా తెలియాలి? చేతి మీద చూస్తే చాలదు, ముఖం కావాలి. అమ్మ అప్పుడే గుడికి వెళ్ళిపోయింది.

నాన్న స్టూలు లాక్కుని, కొట్టు గుమ్మంలో వెలుతురు పడే చోట కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "కానియ్యి" అని కళ్ళు మూసుకున్నాడు.

 ఆయన రంగుకి దగ్గరగా ఉన్న షేడ్ తీసి, బ్రష్ అంచుకి అద్ది, ఎక్కువైంది దులిపి, బుగ్గ మీద చిన్న చిన్న సున్నాలు చుట్టడం మొదలుపెట్టాను. మీసం చుట్టూ జాగ్రత్తగా తిరిగాను. బ్రష్‌ది ఒక్క వెంట్రుక ఊడలేదు, ఒక్క చార పడలేదు. ఎండకి నల్లబడ్డ ఆ ముఖం నా చేతి కింద సమంగా అవుతుంటే కేక పెట్టాలనిపించింది. ఆలస్యమైపోతోందని పెట్టె సర్దుకుని పరుగెత్తాను.

రెండో ట్రయల్ అద్భుతంగా కుదిరింది. పెళ్ళికూతురు అద్దం ముందు నుంచి లేవలేదు. పిన్నిగారు దగ్గరికొచ్చి చూసి, "బాగుంది. కానీ ఇది ఏసీ గది. మండపంలో హోమం దగ్గర గంటలకి గంటలు కూర్చోవాలి పిల్ల. నిలుస్తుందా?" అన్నారు.  నిలుస్తుందో లేదో నాకు తెలియదు మరి. "సాయంత్రం ఫోన్ చేసి చెప్తానండి" అన్నాను.

"నాలుగింటి దాకా చూస్తానమ్మా. తర్వాత రాజమండ్రి ఆవిడకి ఖాయం చేసేస్తాను" అన్నారు.

ఏం చెప్పాలో తెలియక, కాళ్ళీడ్చుకుంటూ మూడున్నరకి కొట్టుకి వచ్చాను. కరెంటు లేదు. నాన్న విసనకర్రతో విసురుకుంటున్నాడు. మెడ మీద చెమట ధారలు కడుతోంది. ముఖం మీద మాత్రం పొద్దున్న నేను వేసింది వేసినట్టే ఉంది.

"ఇంకా కడుక్కోలేదా నాన్నా!"

"కడుక్కుంటే ఎలా తెలుస్తుంది? కొత్త రంగు వస్తే ముందు మన గోడకే వేసి ఎండలో చూస్తాం కదా" అన్నాడు. నన్ను గుమ్మంలోకి తీసుకెళ్ళి తన ముఖం అటూ ఇటూ తిప్పి చూపించాడు. "నుదురు నిలిచింది. బుగ్గలు నిలిచాయి. ముక్కు పక్కన కాస్త పోయింది. పెళ్ళివారు అడిగితే అబద్ధం చెప్పకు, ఉన్నదున్నట్టు చెప్పు."

"వచ్చినవాళ్ళు ఏమీ అనలేదా?"

"అనకేం? 'ఏంటండీ షావుకారు గారూ, ఇవాళ ఈ కళ?' అన్నారు. 'మా అమ్మాయి మేకప్ చేస్తుందండి, పెళ్ళిళ్ళకి చెప్పండి' అన్నాను."

 అక్కణ్ణుంచే పిన్నిగారికి ఫోన్ చేశాను. "ఆరు గంటలు ఉక్కలోనూ, చెమటలోనూ ఉంచి చూశానండి. ముక్కు దగ్గర మాత్రం మధ్యలో ఒకసారి అద్దాలి. నేను మండపం పక్కనే ఉంటాను" అన్నాను.

"ఎవరి ముఖం మీద చూశావమ్మా?"

"మా నాన్న ముఖం మీదండి."

 అవతల పిన్నిగారి నవ్వు వినపడింది. "రాజమండ్రి ఆవిడ వద్దులే. పెళ్ళినాడు తెల్లవారేసరికి వచ్చెయ్యి."

నేను ఫోన్ పెట్టేసి ఎగిరి గంతేశాను. నాన్న కౌంటర్ మీది తువ్వాలు అందుకుని నా వైపు చూశాడు.

"ఇక కడుక్కోనా?" అన్నాడు.