ఇద్దరు తొక్కాల్సిన తలుపు

నేను అయిదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత రాసింది ఎక్కువగా గేట్ల మీద ఇంటిపేర్లే, అదీ వెల్డింగ్ రాడ్డుతో. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. ఎక్కడైనా అతుకు సరిగ్గా పడకపోతే చూసీ చూడనట్టు పోండి.

ఏలూరులో మా షాపుకి వచ్చే పనంతా చేపల చెరువులదే. తూములకి గేట్లు, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లకి ఫ్రేములు. అలాంటి షాపుకి ఒక ఇంజనీరమ్మాయి వచ్చి, బడిపిల్లలు ఆడుకోవడానికి తలుపు చేసిపెట్టమంది. కాగితం మీద గీసి చూపించింది. తలుపు ముందు రెండు చెక్కలు. వాటి మీద ఇద్దరు నిలబడితేనే తలుపు తెరుచుకుంటుంది, మూడో మనిషి లోపలికి వెళ్ళాలి. ఒక్కరు దిగినా మూసుకుపోతుంది. లోపలికి వెళ్ళినవాళ్ళు బయటికి రావడానికి జారుడుబల్ల.

"మీ ఫోన్‌లో కరెంటు వెళ్ళడానికి ఇలాంటి తలుపులే ఉంటాయి బాబాయ్‌గారూ, లెక్కలేనన్ని," అంది. "రెండు వైపులా ఔనంటేనే తెరుచుకునేవి కొన్ని, ఏ ఒక్కరు ఔనన్నా చాలనేవి కొన్ని. పిల్లలు పుస్తకంలో చదివేలోపు కాళ్ళతో తెలుసుకోవాలి."

నేను జేబులోంచి ఫోన్ తీసి అటూ ఇటూ తిప్పి చూశాను. "అందుకేనాండీ ఇది ఊరికే వేడెక్కిపోతుంది? తలుపుల రాపిడా?"

"ఒక రకంగా అంతేనండీ," అంది ఆ అమ్మాయి. నేను సరిగ్గా అన్నానో, జాలిపడిందో ఇప్పటికీ తెలియదు.

బడి పెదపాడు దగ్గర. అక్కడి హెడ్మాస్టారికి ఆ స్థలంలో సైకిల్ షెడ్డు కావాలి. ఊరి ప్రెసిడెంటుగారు ఎటూ చెప్పకుండా, "ముందు కట్టండి. మొదటిరోజు నేనే వచ్చి చూస్తాను. బాగుంటే ఉంటుంది, లేకపోతే మర్నాడే పీకేసి షెడ్డు వేద్దాం," అన్నారట. అది ఆ అమ్మాయి గీసిన మొదటి ఆటస్థలం. దీన్ని పీకేస్తే ఇంకే ఊళ్ళోనూ కట్టనివ్వరని ఆమె భయం. వారం తిరిగేసరికి ఆ భయం నాకూ అంటుకుంది.

ఒక్కో చెక్క నుంచి ఒక్కో గడియకి సైకిల్ బ్రేకు వైరు లాగాను. షాపులో నేనూ మా ఆవిడా ఎక్కి చూశాం. టక్కున తెరుచుకుంది. మేమిద్దరం ఒకేసారి ఔనన్న విషయం మా ఇంట్లో అంతవరకూ ఏదీ లేదు. అందుకని ఆవిడే ఎక్కువ ఆశ్చర్యపోయింది.

అన్నీ చూసుకున్నాం గానీ, మర్యాదల సంగతి మాకెవరికీ తట్టలేదు.

బడిలో తలుపు బిగించిన మొదటిరోజు ప్రెసిడెంటుగారు ఉతికిన తెల్లపంచె కట్టుకొచ్చారు. ఒక చెక్క మీద ఆయన ఎక్కారు. రెండో దాని మీద హెడ్మాస్టారు ఎక్కారు. తలుపు తెరుచుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"వెళ్ళండి సార్," అంటూ హెడ్మాస్టారు దారివ్వడానికి దిగారు. తలుపు మూసుకుంది.

"అబ్బెబ్బే, చదువుకున్నవారు, ముందు మీరు," అని ప్రెసిడెంటుగారూ దిగారు.

"మీరుండగా నేనా అండీ?"

"ఎంతమాట! ఎక్కండి మాస్టారూ."

ఒకరు ఎక్కితే ఇంకొకరు దిగుతున్నారు. ఇద్దరూ ఎక్కితే తలుపు తెరుచుకుంటుంది, వెంటనే ఎదుటివారి కోసం ఇద్దరూ దిగిపోతున్నారు. ఇంజనీరమ్మాయి, "దిగకండి సార్, మూడో మనిషి వెళ్ళాలండీ," అంటూనే ఉంది. ఇద్దరు పెద్దల్ని చెక్కల మీద నిలబెట్టి మధ్యలోంచి వెళ్ళే మూడో మనిషి ఆ ఊళ్ళో ఎవరుంటారు?

చివరికి ఇద్దరూ కింద నిలబడి "మీరు" అంటే "మీరు" అనుకుంటుండగా, ఓపిక నశించిన ఇద్దరు ఆడపిల్లలు చెక్కలెక్కేశారు. ప్రెసిడెంటుగారు తలుపుకి ఆనుకుని ఉన్నారు. ఆనుకున్నవారు ఆనుకున్నట్టే లోపలికి వెళ్ళిపోయారు. పిల్లలు హడలిపోయి దిగిపోయారు. తలుపు మూసుకుంది.

"మాస్టారూ! తియ్యండి!" లోపల్నుంచి కేక.

హెడ్మాస్టారు గబగబా చెక్కెక్కి, నన్ను పిలిచారు. "రెండోదెక్కవయ్యా!"

"మీ పక్కన సమానంగానాండీ?" అన్నాను చేతులు కట్టుకుని. బుద్ధి తక్కువై కాదు, నోట్లోంచి అలా వచ్చేసింది. ఇంజనీరమ్మాయి తల పట్టుకుంది.

ఇంతలో అటువైపు నుంచి సర్రుమని చప్పుడు. పరుగెత్తి వెళ్ళాం. ప్రెసిడెంటుగారు జారుడుబల్ల చివర, పంచె ఒక చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఒక్క పిల్లా నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి అందరూ చొక్కా కాలర్లు నోట్లో కుక్కుకున్నారు.

"దెబ్బ తగిలిందాండీ? రేపే పీకించేస్తాను," అన్నారు హెడ్మాస్టారు. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది.

ప్రెసిడెంటుగారు లేచి పంచె వెనక దులుపుకుని, నేరుగా నా దగ్గరికి వచ్చారు.

"ఏవయ్యా, ఒక్కడే తొక్కితే ఎట్టాగూ తెరుచుకోదా?"

"తెరుచుకోదండీ."

"ఎంత బరువోడైనా?"

"ఏనుగెక్కినా అంతేనండీ. రెండో గడియ రెండో చెక్కది."

"అయితే మా చెరువు తూముకి ఇట్టాంటిదే పెట్టు. కాపలావోడు ఒక్కడే గేటెత్తేసి చేపలు కొల్లేట్లోకి వదిలేస్తన్నాడు. అడిగితే దానంతటదే లేచిందంటాడు. ఇద్దరుంటేగానీ లేవకూడదు."

ఇంజనీరమ్మాయి ఎగిరినంత పని చేసింది. "అదేనండీ! నేను మొదట్నుంచీ చెబుతున్నది అదేనండీ!"

ఆయన ఆమెని వింతగా చూశారు. "నువ్వు ఫోన్లన్నావు గదమ్మా. చేపలని ఎప్పుడన్నావు?"

"మరి షెడ్డండీ?" అన్నారు హెడ్మాస్టారు నెమ్మదిగా.

"షెడ్డు వెనకాల వేసుకోండి మాస్టారూ. దీన్ని పీకేస్తే ఇతను దేన్ని చూసి చేస్తాడు? ఏవయ్యా, చూడకుండా చెయ్యగలవా?"

కళ్ళకి గంతలు కట్టినా చేయగలను. ఆ అమ్మాయి వైపు చూశాను.

"కష్టమేనండీ," అన్నాను. "ఎప్పుడూ కళ్ళ ముందు ఉండాలండీ."