వీసాకు ముందే తీర్చిన మొక్కు

నగరిలో మరమగ్గాల వీధిలో పుట్టిన లోహిత తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. పొద్దున బస్సులో పోవడం, పొద్దుగూకాక బస్సులో రావడం. ముప్పై దాటినా ఆమె చూసిన లోకం ఆ బస్సు కిటికీలో పట్టినంతే. అందుకే, ఎక్కడో సముద్రం మధ్యనున్న ఒక దీవి దేశంలో పల్లె బడికి వలంటీరు టీచర్లు కావాలన్న ప్రకటన ఫోనులో కనబడగానే ఆమె ప్రాణం లేచొచ్చింది. జీతం లేదు. తిండి, బస వాళ్ళే చూస్తారు. ఏడాది పని. ఆ బడివాళ్ళు ఫోనులోనే పాఠం చెప్పించుకుని, నచ్చి, రమ్మన్నారు.

వీసా పని కోసం ఆమె మునిశేఖర్ అనే ఏజెంటు దగ్గరికి వెళ్ళింది. అదే పొరపాటు. ఆ మహానుభావుడు విమానం మాట అటుంచి పడవైనా ఎక్కిన పాపాన పోలేదు. మాట్లాడటం మాత్రం దేశదేశాల చట్టాలన్నీ తన సొరుగులోనే ఉన్నట్టు.

“టూరిస్టు వీసా సాలు మేడమ్. జీతమే లేనప్పుడు అది పని ఎట్లయితాది? అడిగితే సముద్రం సూసేదానికి పోతా ఉండానని సెప్పండి.”

“ఏడాది పొడుగునా సూస్తానని ఎవురు నమ్ముతారు సార్?”

“ఆడికి పోయినాక పొడిగిచ్చుకోవచ్చు. మీకెందుకు, నేనుండాను గదా!”

లోహిత అనుమానాన్ని మింగేసి తలూపింది. వెళ్ళాలన్న ఆశ అంతగా పట్టుకుంది మరి.

వాళ్ళమ్మ నాగులమ్మ తొందర ఇంకో రకం. కూతురికి ఈ పని కుదిరితే కొండమీద తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకుంది. తల కూతురిది, మొక్కు తల్లిది. బడివాళ్ళు రమ్మన్నారంటే పని కుదిరినట్టే కదా! మొక్కు వాయిదా పడితే ఆమెకు ముద్ద దిగదు. ఆ శనివారమే ఇద్దరూ కొండెక్కారు. నడుము దాటిన జడను స్వామికిచ్చి, గుండుకు గంధం పూసుకుని దిగింది లోహిత. వీసా ఇంకా రాలేదన్న సంగతి ఇద్దరికీ తట్టనే లేదు. తిరుపతి వీధుల్లో ఆ గుండును తిరిగి చూసినవాళ్ళూ లేరు.

మునిశేఖర్ మాత్రం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “పాస్‌పోర్టు ఫొటోలో అంత జడ పెట్టుకోని, వీసా రాకముందే గుండు కొట్టిచ్చుకుంటారా ఎవురైనా? వచ్చే వారమే చెన్నైలో ఇంటర్వ్యూ! మొక్కని సెప్పి ఊరుకోండి. అంతకు మించి నోరు తెరవద్దు.”

చెన్నైలో వీసా ఆఫీసు దగ్గర నాగులమ్మ వీధిలోనే ఆగిపోయింది. లోపల వేచి ఉన్నవాళ్ళంతా తననే చూస్తున్నట్టు అనిపించి లోహిత కొంగు తలమీదికి లాక్కుంది. పిలుపు రాగానే కిటికీ దగ్గరికి వెళ్ళింది.

కిటికీ అవతల నడివయసు తమిళావిడ. పాస్‌పోర్టును చూసింది. లోహితను చూసింది. మళ్ళీ పాస్‌పోర్టును చూసింది.

“తిరుమలా?” అని తమిళంలో అడిగింది. తమిళనాడు అంచునున్న నగరి మనిషికి తమిళం కొత్తేం కాదు.

“అవునండీ. మొక్కు.”

ఆవిడ ముఖం విప్పారింది. “మా అబ్బాయికీ పుట్టువెంట్రుకలు అక్కడే తీయించాం. ఆ దేశానికి ఎందుకు వెళ్తున్నారు?”

“సముద్రం చూడటానికి.”

అబద్ధం తడుముకోకుండా వచ్చేసింది. ఆవిడ ముద్ర చేతిలోకి తీసుకుంది. గండం గట్టెక్కిందని లోహిత అనుకునేంతలో, పక్కింటావిడ అడిగినట్టు ఊరికే అడిగింది.

“ఆడపిల్ల అంత జడ ఇచ్చిందంటే పెద్ద మొక్కే. దేనికి మొక్కుకున్నారు?”

 అమ్మకు జబ్బు చేసిందని అనేయొచ్చు. కానీ ఒక్క వెంట్రుక మిగలకుండా స్వామికిచ్చి, ఎందుకిచ్చిందో మార్చి చెప్పడమా? లోహితకు నిజంగా భయమేసింది. తన మీద తనకే రోతపుట్టింది.

“టీచరు పని కుదరాలని.”

ముద్ర ఆగిపోయింది. “ఎక్కడ?”

“ఆ దీవిలోనే. జీతం లేదండీ, వలంటీరు పనే…”

“జీతం లేకపోయినా పని పనేనమ్మా. ఈ వీసా మీద వెళ్ళి బడిలో పాఠం చెబితే వెనక్కి పంపిస్తారు. మళ్ళీ రానివ్వరు.”

నవ్వు మాయమైన ఆ ముఖంకేసి లోహిత చూసింది. ఆవిడ ముద్రను పక్కన పెట్టేసింది.

“అబద్ధం చెప్పారని తిరస్కరిస్తే, ఇక ముందు ఏ వీసాకైనా అది అడ్డొస్తుంది. మీరే దరఖాస్తు వెనక్కి తీసుకోండి. వలంటీర్ల వీసా వేరే ఉంది. దానికి బడివాళ్ళు ముందు అక్కడ అనుమతి తేవాలి.”

లోహిత దరఖాస్తు వెనక్కి తీసుకుని బయటికి రాగానే నాగులమ్మ ఎదురొచ్చింది. “ఇచ్చినారా?”

“లేదుమా.”

“జుట్టంతా ఇచ్చేసినావే!” అని తల్లి నడివీధిలోనే ఏడ్చింది. నగరి బస్సులో కూతురు ఏడ్చింది.

ఈసారి లోహిత ఏజెంటు జోలికి పోకుండా దీవి బడివాళ్ళకు తనే ఉన్నదున్నట్టు చెప్పింది. అనుమతి కోసం ప్రయత్నిస్తామన్నారు. జూన్ వరకే చూస్తామని, ఆ తర్వాత ఇంకొకరిని తీసుకుంటామని కూడా అన్నారు. మే నెల వచ్చేసింది. కబురు లేదు. ఫోను మోగితే చాలు దీవి నంబరేమోనని చూస్తోంది.

నిన్న నాగులమ్మ ఆ పొట్టి జుట్టుకు నూనె రుద్దుతుంటే లోహిత మెల్లగా అడిగింది. “ఇంకో మొక్కు మొక్కుకుందామా మా?”

నాగులమ్మ చెయ్యి ఆగింది.

“ఎందుకు? మనం ఇయ్యాల్సింది ఇచ్చేసినాము. ఇంక కొండమీదుండే ఆయప్పే ఇయ్యాల.”