దిగువ మేజరుకు ముందు నీళ్ళు

మా వారపత్రిక గురజాలలో మా నాన్న ప్రెస్సులోనే పుట్టింది. నాన్నని మేం ఇంట్లో అబ్బా అంటాం. బస్టాండు వెనక సందులో ఒకటే గది. అందులో కాలితో తొక్కే ట్రెడిల్ మిషను, గోడ పొడుగునా సీసపు అక్షరాల అరలు. పెళ్ళి కార్డులు, సినిమా కరపత్రాలు, ఎరువుల కొట్ల బిల్లు పుస్తకాలు వేసేవాడు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన ఒక మాస్టారు రోజూ సాయంత్రం వచ్చి అక్కడ కూర్చునేవారు. ఒకరోజు ఆయన, "సాయిబుగారూ, కాలవకి నీళ్ళెప్పుడొస్తాయో చెప్పే పేపరు ఒక్కటీ లేదు మనకి. మనమే ఒకటి వేద్దామా?" అన్నారట. అబ్బా అక్షరాల అరల వైపు చూసి, "వత్తులు చాలవు పంతులుగారూ, వత్తులు తక్కువున్న మాటలు రాయండి," అన్నాడట. అట్లా మొదలైంది.

శనివారం శనివారం నాలుగు పేజీలు. పెద్ద వార్తలు మేం వేసేవాళ్ళం కాదు, వాటికి రోజూ వచ్చే పేపర్లున్నాయి. కరెంటు ఎప్పుడు తీస్తారు, మిర్చి ఎంత పలికింది, ఏ ఊరి బస్సు రద్దయింది, ఎవరింట పెళ్ళి, ఎవరు పోయారు, ఇవే మా వార్తలు. వీటన్నిటికంటే ముందు చూసేది కాలవ వార్త. సాగర్ కుడి కాలవ నుంచి మా వైపు వచ్చే మేజరు కాలవలకి నీళ్ళు వంతులవారీగా వదులుతారు. ఎవరి వంతు ఎప్పుడో మొదటి పేజీలో పైన డబ్బా కట్టి వేసేవాళ్ళం. కొందరు ఆ డబ్బా ఒక్కటే కత్తిరించి దూలానికి గుచ్చుకునేవాళ్ళు.

నేను ఇంటర్ అయ్యాక నరసరావుపేటలో డీటీపీ నేర్చుకుని వచ్చాను. అప్పటికి అబ్బాకి చూపు తగ్గింది, ట్రెడిల్ మూలకి చేరింది. మాస్టారు చేత్తో రాసిచ్చేవారు, నేను కంప్యూటర్లో కొట్టి పేజీలు పెట్టి పంపితే నరసరావుపేటలో ఆఫ్‌సెట్ మీద అచ్చయి బస్సులో వచ్చేది. పన్నెండేళ్ళు అట్లా చేశాను. ఒక్కసారే పెద్ద తప్పు చేశాను. అదే ఇప్పుడు చెప్పబోతున్నా.

ఆ ఏడు డ్యాం ఆలస్యంగా నిండింది. మిరప నారు మళ్ళల్లో ముదిరిపోతా ఉంది, నాటదామంటే తడి లేదు. జనం ఆకాశం వైపు, కాలవ వైపు మార్చి మార్చి చూస్తున్నారు. గురువారం సాయంత్రం ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తా ఫోన్లో వంతులు చదివాడు. మాస్టారు చేతికందిన కాగితం వెనక రాసుకుని నాకిచ్చారు. కరెంటు పోతా వస్తా ఉంది, పేజీలు పంపే టైం దాటిపోతోంది. అంతకు ముందు వంతు వార్త కంప్యూటర్లో ఉంది కదా, దాన్నే కాపీ చేసి మార్చాల్సినవి మార్చాను. వారాలు, తేదీలు, గంటలు అన్నీ మార్చాను. హెడ్డింగులో, మొదటి వాక్యంలో "దిగువ మేజరు" అని ఉన్నది "ఎగువ మేజరు" చేయాలి. చేయలేదు. చదివి చూసుకోలేదు కూడా.

సోమవారం పొద్దున పదిగంటలకి ఊళ్ళకి మా పేపరు కట్టలు చేరేసే ఆటో అతను ఫోన్ చేశాడు. మాస్టారికీ వినపడాలని స్పీకరు పెట్టాను.

"మాస్టారూ, కాలవ షట్టరు కాడ రెండూళ్ళ జనం పోగయ్యారండి. కింది ఊరోళ్ళు మన పేపరు పట్టుకొచ్చారు. ఇయ్యాల నీళ్ళు మావి, మీరెట్టా తిప్పుకున్నారని అడుగుతున్నారు. పై ఊరోళ్ళు గేటు మీద నుంచి దిగటంల్లా. పార కర్రలు చేతుల్లో ఉన్నాయి."

మాస్టారు నా వైపు తిరిగారు. "మన పేపర్లో ఏం పడిందమ్మా?"

పేపరు తియ్యకముందే నాకు తెలిసిపోయింది.  డబ్బా చదివాను. వాడేసిన రాతకాగితాలు గుచ్చే ఇనప చువ్వ నుంచి మాస్టారు రాసిన కాగితం లాగాను. అందులో "ఎగువ" అని గుండ్రటి అక్షరాల్లో స్పష్టంగా ఉంది.

"నేను తప్పు కొట్టాను మాస్టారూ."

ఆయన ఫోన్ అందుకున్నారు. ఇరిగేషన్ ఇంజినీరుకి ఫోన్ చేస్తే గుంటూరులో మీటింగులో ఉన్నాడన్నారు. పోలీస్ స్టేషన్‌కి చేస్తే జీపు ఇంకో ఊరు పోయింది, రాగానే పంపుతామన్నారు. మా వైపు నీళ్ళ దగ్గర మాట పెరిగితే ఎంతదాకా పోతుందో ఇద్దరికీ తెలుసు. మాస్టారు చెప్పులేసుకున్నారు. నేను కాగితం మడిచి గుప్పిట్లో పట్టుకుని వెంట నడిచాను.

ఆటోలో ఆయన ఒక్కటే మాట చెప్పారు. "రాసింది నేనే, తప్పు నాదే అని చెప్తా. నువ్వు నోరు తెరవొద్దు." సరేనన్నాను. అనగానే నాకు గుండె తేలికపడింది. అట్లా తేలికపడినందుకు ఈనాటికీ సిగ్గుగా ఉంటుంది.

షట్టరు దగ్గర నూటయాభై మందికి పైగానే ఉన్నారు. పై ఊరి వాళ్ళు గేటు తిప్పే చక్రం చుట్టూ నిలబడ్డారు. కింది ఊరి వాళ్ళు కట్ట మీద. కాలవ తలుపులు చూసుకునే లస్కరు ఇద్దరి మధ్యా చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. కింది ఊరి వాళ్ళకి ముందు ఒక పెద్దాయన, చొక్కా జేబులో మా పేపరు మడత పైకి కనిపిస్తా ఉంది.

మాస్టారు గట్టిగానే చెప్పారు. "పేపర్లో పడింది తప్పు. ఈ వంతు ఎగువ వాళ్ళదే. రాయటంలో నేను పొరపాటు చేశాను. మీకు దణ్ణం పెడతా, గొడవ పడొద్దు."

నేననుకున్నది వేరు, జరిగింది వేరు. తప్పని చెప్తే చల్లబడతారనుకున్నాను. ఇంకా రేగారు.

"శనివారం నుంచీ లేని తప్పు సోమవారం ఎట్టా వచ్చింది మాస్టారూ?" అన్నాడొకడు.

"పై ఊరోళ్ళు చెప్పమన్నారా?" అన్నాడు ఇంకొకడు.

"మీ పేపరు నమ్మి నిన్ననే ఎకరం నాటా. ఇప్పుడొచ్చి పొరపాటంటే ఏంది?"

ఎవరో ఆయన చెయ్యి పట్టి గుంజారు. కొట్టాలని గుంజారో, ఇటు చూడమని గుంజారో నాకు తెలీదు. మాస్టారు తూలారు. కళ్ళజోడు కట్ట మీద పడింది. వెనకనుంచి జనం ముందుకి జరిగారు, చక్రం దగ్గర వాళ్ళు కర్రలు పైకి తీశారు.

అప్పుడు నా నోటి నుంచి మాట వచ్చింది. ధైర్యం కాదది. ఆయన కళ్ళజోడు లేకుండా చేతులతో నేల తడుముకుంటుంటే చూడలేకపోయాను.

"మాస్టారు సరిగ్గానే రాశారు. తప్పు కొట్టింది నేను. ఆయన రాసింది ఇదిగో," అని కాగితం విప్పి రెండు చేతులతో పైకి పట్టుకున్నాను.

"సాయిబుగారమ్మాయివి, నీకెందుకు ఈ గోల, ఇంటికి పో," అన్నారెవరో. "ఆ కాగితం ఇందాక రాసుకొచ్చుంటారు," అన్నారు ఇంకెవరో. నేను కాగితం దించలేదు.

పెద్దాయన మాత్రం కాగితం వైపే చూస్తున్నాడు. "ఆగండి," అన్నాడు వెనక వాళ్ళతో. "అమ్మాయ్, అది ఇటియ్యి."

ఇచ్చాను. కంగారులో మాస్టారి రాత నా వైపు తిప్పుకుని, దాని వెనక పక్కే ఆయనకి చూపించాను. వెనక్కీ ముందుకీ రెండుసార్లు తిప్పి చూశాడు.

"ఇది నా రాత," అన్నాడు. "గురువారం మధ్యాహ్నం మా తమ్ముడి పెద్దకర్మ పేపర్లో వెయ్యమని నేను రాసిచ్చిన కాగితం. దీని వెనకే రాసుకున్నాడు మాస్టారు, ఇందాక రాసింది కాదు."

కాగితం దండగ చేయటం మాస్టారికి చేతకాదు. ఎవరేం రాసిచ్చినా వెనక పక్క ఆయనదే. పెద్దాయన వంతుల వార్త పైకి చదివాడు. "ఎగువ మేజరుకు" అన్న దగ్గర ఆగి, మళ్ళీ చదివాడు. తన ఊరి వాళ్ళ వైపు తిరిగి, "ఈ వంతు మనది కాదు. కర్రలు దించండి," అన్నాడు.

వెంటనే దించలేదు. కాసేపటికి ఒకరి తర్వాత ఒకరు దించారు. నేను కళ్ళజోడు తీసి నా చున్నీతో తుడిచి మాస్టారికి ఇచ్చాను. ఒక అద్దం పగిలింది.

అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఆడవాళ్ళల్లో నుంచి ఒకామె ముందుకొచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, మోకాళ్ళ దాకా మట్టి. అరవలేదు. "మరి నేను నాటిన మొక్క ఏం కావాలి?" అని నన్నడిగింది.  తల దించుకున్నాను.

పెద్దాయన పై ఊరి వాళ్ళతో మాట్లాడటానికి గేటు దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళు మొదట కుదరదన్నారు. "మా నారు కూడా ఎండుతోంది బాబాయ్, మేమేం చేసేది," అన్నాడు వాళ్ళల్లో ఒకతను. అదీ నిజమే. చివరికి లస్కరు మధ్యలో పడి, రెండు రోజులపాటు మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా కిందికి సగం వదిలేట్టు ఒప్పించాడు. పోలీసు జీపు వచ్చేసరికి కట్ట మీద మేమూ, లస్కరూ, ఇంకో పదిమందీ మిగిలాం.

ఆ సగం నీళ్ళతో చానా చేలు నిలబడ్డాయి. నన్ను ఆ మాట అడిగినామె చేను కాలవ చిట్టచివర. అక్కడిదాకా నీళ్ళు రాలేదు.

గురువారం నేను ఒక్కదాన్నే బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాను. అరెకరం చేను. మొక్కలు వాలిపోయి తాడుముక్కల్లా నేలకంటుకుని ఉన్నాయి. ఆమె గట్టు మీద కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను.

"నాకు చదవటం రాదమ్మాయ్," అంది. "మా కోడలు చదివి చెప్పింది. రెండుసార్లు చదివించా. నీళ్ళు మనకే ముందు అంది. పేపర్లో అచ్చయితే ఇంక నిజమే కదా అనుకున్నా."

"తప్పయింది పిన్నీ."

"అయింది. ఇప్పుడు దాన్నేం చేస్తాం. ఎక్కడన్నా నారు మిగిలుందేమో కనుక్కో."

ఆ వారం కాలవ డబ్బా వేసే చోట రెండే వార్తలు వేశాం. ఒకటి సవరణ. "రాసిన వారి తప్పు లేదు, అచ్చుకు కూర్చిన నాదే తప్పు" అని నేనే కూర్చాను. ఆ వాక్యం మాస్టారు కొట్టేయబోయారు. కొట్టేస్తే పని మానేస్తానన్నాను. రెండోది, మిరప నారు మిగిలినవాళ్ళు ప్రెస్సుకి కబురు చేయమని. ఆదివారం నకరికల్లు వైపు నుంచి ఒకరు తమ దగ్గర కొంత ఉందని ఫోన్ చేశారు. షట్టరు దగ్గర "మా నారు కూడా ఎండుతోంది" అన్న ఆ పై ఊరి మనిషే మంగళవారం రెండు గంపల నారు తెచ్చి ప్రెస్సు గుమ్మంలో దించిపోయాడు. లోపలికి రాలేదు, టీ తాగమన్నా ఆగలేదు.

దిగువ వంతు వచ్చినప్పుడు ఆమె చేలో నేనూ ఒక పూట నాటాను. నా సాళ్ళు వంకర పోయాయి. ఆమె వెనకాలే వచ్చి నేను నాటిన మొక్క పీకి పక్కకి జరిపి నాటింది. ముదురు నారు, ఆలస్యపు నాటు, కాపు అంతంత మాత్రమే వచ్చింది. ఆ సంగతి ఆమే చెప్పింది, నేను అడగలేదు.

ఆ ఊళ్ళో చాలామంది పేపరు మానేశారు. కొందరు మళ్ళీ వేయించుకున్నారు, కొందరు లేదు. మాస్టారు పోయి రెండేళ్ళయింది, పత్రిక ఇప్పుడు నేనే నడుపుతున్నాను. నీళ్ళ కబురు జనానికి మాకంటే ముందే ఫోన్లలో చేరుతోంది. అయినా అది నిజమేనా అని అడగటానికి ప్రెస్సుకి ఫోన్ చేసేవాళ్ళున్నారు. వాళ్ళకి చెప్పేముందు నేను ఆఫీసుకి ఫోన్ చేసి, రాసుకున్నది గుమాస్తాకి మాట మాటా తిరిగి చదివి వినిపిస్తాను. ఆయన విసుక్కుంటాడు. సోమవారం పొద్దున పది గంటలప్పుడు ఫోన్ మోగితే మాత్రం, ముందు ఆ వారం డబ్బా చదువుకుని అప్పుడు ఎత్తుతాను.