ఎలుకలను కొట్టేసిన బిట్టు

మా బావగారు అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షల పిల్లలకు పాఠాలు చెబుతారు. యుద్ధమైనా వరదైనా సరే, ఆయన చేతిలో పడితే ఒక్క లైను బిట్టు కావాల్సిందే. మార్కు తెచ్చే ముక్క ఉంచుతారు, మిగతాదంతా కొట్టేస్తారు. పిల్లలకు ఆ విద్య పనికొస్తుందేమో గానీ, మా ఇంట్లో దాన్ని ఆయన తమ్ముడి మెదడు మీద ప్రయోగించారు.

ఆ తమ్ముడు నా భర్త. పక్షవాతం వచ్చి మాట పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. చిక్కడపల్లి ఇంటికి తెచ్చాక ఒకావిడ రోజూ వచ్చి వ్యాయామం చేయించేది. ఆ చెయ్యి మళ్లీ లేస్తుందన్న ఆశతోనే నేను తిరుగుతున్నాను. అంతలో బావగారు ఎక్కడో చదివొచ్చి తన బిట్టు వినిపించారు. పక్షవాతం తర్వాత మెదడును కాపాడేది ఏది? ఎలక్ట్రో ఆక్యుపంక్చర్. అంటే సూదులు గుచ్చి, వాటిలోకి సన్నగా కరెంటు పంపడం.

ఆ వ్యాసం అడిగి తీసుకుని చదివాను. అందులో ఉన్నవి ఎలుకలు. సూదులు పెట్టిన ఎలుకల మెదడులో వాపు తగ్గిందట, కణాలు తక్కువ చచ్చాయట. మనుషుల సంగతి ఇంకా తేలాలట. వ్యాయామం మానమని మాత్రం ఎక్కడా లేదు. అదే చెబితే బావగారు నవ్వారు.

"గవన్నీ ఆప్షన్లమ్మా. ఆన్సర్ ఒక్కటే ఉంటది."

ఇంటికి పెద్ద కదా, ఆయన మాటే చెల్లింది. వ్యాయామం ఆవిడను మాన్పించి, నారాయణగూడలో ఒక క్లినిక్‌కు తిప్పారు. స్విచ్ వేయగానే మా ఆయన వేళ్లు ఎగిరిపడేవి. బావగారు మురిసిపోతూ వీడియో తీసి చుట్టాలందరికీ పంపేవారు. స్విచ్ ఆపితే వేళ్లు చచ్చుబడి ఉండేవి. ఆ వీడియో ఎవరికీ పోలేదు.

కదిపేవాళ్లు లేక భుజం బిగుసుకుపోయింది. చొక్కా తొడుగుతుంటే మా ఆయన కళ్ల వెంట నీళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరినీ అడక్కుండా వ్యాయామం ఆవిడను మళ్లీ పిలిపించాను.

బావగారు వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. "ఇంకో కోర్సు చేపిద్దాం తమ్మీ, అంతా మంచిగైతది" అన్నారు.

మా ఆయన పెదవులు చాలాసేపు అవస్థపడ్డాయి.

"వద్దన్నా."

జబ్బుపడ్డాక ఆ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. నేను ఏడ్చేశాను.

బావగారు కూడా కళ్లు తుడుచుకున్నారు. "చూసినవా అమ్మా, సూదులతోనే మాటొచ్చింది" అని, తర్వాతి కోర్సుకు టైం తీసుకోవడానికి అక్కడే కూర్చుని క్లినిక్‌కు ఫోన్ కలిపారు.